ఆగడం నేర్చుకున్న వదిన

ఆదివారం పొద్దున్న ఖాళీగా ఉన్న బస్సు డిపో ఆవరణలో ఆడపడుచు సుద్దతో అడ్డంగా గీత గీసింది. ఆమె ఆ డిపోలోనే మెకానిక్కు. ఇంటింటికీ తిరిగి రోగులను చూసే నర్సు అయిన ఆమె వదినకు మోటార్ సైకిల్ కొత్త. మొన్న కుక్క అడ్డొస్తే కంగారుగా బ్రేకు తొక్కి, బండితో సహా జారిపడింది. అందుకే ఈ సాధన.

మొదటిసారి వెనక చక్రం కీచుమంటూ జారి, బండి గీత దాటేసింది.

"వెనక బ్రేకునే నమ్ముకుంటే ఎలా వదినా? రెండూ కలిపి వెయ్యి. ముందుది ఒక్కసారిగా లాగెయ్యకు, నిమ్మకాయ పిండినట్టు పిండు. చక్రం వైపు కాదు, దూరంగా చూడు!"

"ఆడపడుచు పెత్తనమంటే ఇదేనన్నమాట!" అని నర్సు నవ్వింది.

ఏడోసారి నర్సు నలభై కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చింది. ఆడపడుచు చెయ్యెత్తగానే తలెత్తి దూరంగా చూస్తూ, రెండు బ్రేకులూ వేసి, ముందుదాన్ని అంతకంతకూ బిగించింది. బండి ముక్కు కిందికి వంగింది. చక్రం మాత్రం జారలేదు. గీతకు జానెడు ఇవతలే బండి ఆగిపోయింది!

నర్సు చిన్నపిల్లలా కేక పెట్టింది. ఆడపడుచు పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది.

"అదరగొట్టావు వదినా! ఇక ఇంటికెళ్దామా?"

"ఇంటికా? నువ్వెళ్ళు. నేనింకో పదిసార్లు ఆగాలి!" అంటూ ఆమె బండి వెనక్కి తిప్పింది.