చేతులతో చెప్పిన వాక్యం

ఇబ్రహీంపట్నం చర్చిలో నిర్మల పాటలు పాడేది కాదు, ప్రార్థన చేయించేది కాదు. పాస్టరు రాంచంద్ర వాక్యం చెబుతుంటే పక్కన నిలబడి, ఆ మాటలన్నీ చేతులతో చెప్పేది.

ఆమె కూతురు స్తుతికి పుట్టుకతోనే చెవులు వినపడవు. బిడ్డను బధిరుల బడిలో వేసినప్పుడు, శనివారాలు శేరిగూడ కాలేజీ హాస్టల్లో వంటపని ముగించుకుని ఆ బడికి వెళ్ళి తనూ సైగల భాష నేర్చుకుంది. మొదట్లో స్తుతి ఒక్కదానికే చెప్పేది. సంగతి తెలిసి హయత్‌నగర్ నుంచి టైలర్ వికాస్, అతని భార్య లిఖిత రాసాగారు. వాళ్ళకూ వినపడదు. వాళ్ళ వెంట ఇంకొందరు. మూడేళ్ళలో స్తుతి కాక తొమ్మిదిమంది అయ్యారు.

వానాకాలంలో స్తుతికి డెంగీ జ్వరం వచ్చింది. దవాఖానలో చేర్చిన అయిదో రోజు పోయింది. పద్నాలుగేళ్ళు నిండలేదు.

ఆ తర్వాత ఆరు ఆదివారాలు నిర్మల చర్చికి పోలేదు. రాంచంద్ర ఇంటికి వచ్చి, ఆ తొమ్మిదిమందీ ఆరాధన అయ్యేదాకా తన నోటి వంక చూస్తూ కూర్చుని వెళ్ళిపోతున్నారని చెప్పాడు.

"దాని కోసం నేర్సుకున్న అయ్యా. అదే లేదు. ఇంక నా చేతులు లేస్తలేవు" అంది నిర్మల. ఆయన ఒత్తిడి చేయలేదు.

ఒక శనివారం లిఖిత, వికాస్ వచ్చారు. లిఖిత నెమ్మదిగా సైగ చేసింది. భూస్థాపన రోజు మేమంతా వచ్చాం. పాస్టరు స్తుతి గురించి ఏదో చెప్పాడు. అందరూ ఏడ్చారు. మాకు ఒక్క మాటా తెలియలేదు. ఏం చెప్పాడు?

నిర్మల గుర్తు చేసుకోబోయింది. ఆ రోజు సమాధి పక్కన తనను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని ఉండటం తప్ప ఏమీ గుర్తురాలేదు. పాస్టరు మాటలు తన చెవిలో కూడా పడలేదు.

మర్నాడు భర్త జంగా నడిపే ఆటోలో చర్చికి వెళ్ళింది. ఆరాధన మొదలుకాకముందే రాంచంద్ర దగ్గరికి పోయి అడిగింది.

"ఆ దినం చెప్పిన మాటలు మల్ల ఒక్కసారి చెప్పుండ్రి అయ్యా. వాళ్ళకు తెల్వలే. నేను గూడ వినలే."

ఆయన తలూపాడు. అందరూ వచ్చి కూర్చున్నాక బల్ల దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె చేతులు లేచాయి. ఈ బిడ్డ మన మధ్య పద్నాలుగేళ్ళు కూడా ఉండలేదని చెప్పింది. మనం వినిపించలేని వాక్యాన్ని తల్లి చేతుల్లో చూసిందని చెప్పింది. ఆ మాట తన గురించేనని చేతులు కదిలాకే తెలిసింది.

తర్వాత స్తుతి పేరు వచ్చింది. బుగ్గ మీద సొట్ట పడేచోట రెండు వేళ్ళు ఆనిస్తే సైగల భాషలో అది ఆ పిల్ల పేరు. నిర్మల వేళ్ళు బుగ్గ దాకా వెళ్ళి ఆగిపోయాయి. రాంచంద్ర కూడా ఆగాడు. ముందు వరుసలో లిఖిత తన బుగ్గ మీద రెండు వేళ్ళు ఆనించుకుంది. తర్వాత వికాస్, తర్వాత మిగతావాళ్ళు. నిర్మల వాళ్ళను చూస్తూ ఆ పేరు చెప్పింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఇంటికి పోయేటప్పుడు ఆటోలో గొంతెత్తి ఏడ్చింది. పిల్ల పోయిన నాడు కూడా అట్లా ఏడవలేదు. జంగా ఆటో పక్కకు ఆపి, ఏడుపు తీరేదాకా వెనక సీటులో ఆమె పక్కనే కూర్చున్నాడు.

కొంతసేపటికి ఆమె ముఖం కొంగుతో తుడుచుకుని, వచ్చే ఆదివారం చెప్పే వాక్యం ఏదో పాస్టరయ్యకు ఫోన్ చేసి అడగమంది.

"కొన్ని మాటలకు నాకు సైగలు రావు. నేర్సుకోవాలె" అంది.