పొద్దున ఎగిరిన రాయి

పొద్దున సుంకులమ్మ మిషన్ కింద నుంచి ఎగిరిన రాయి మధ్యాహ్నమైనా కింద పడలేదు.

చింతగింజంత రాయి. సోలార్ పలకల వరసల మధ్య, మనిషి తల ఎత్తున, మేస్తూ పోయే గేదెలాగా నిదానంగా పోతోంది. సుంకులమ్మ గడ్డికోత మిషన్‌ను భుజాన వేసుకునే దాని పక్కన నడుస్తోంది. రాళ్ళు ఎగరడం ఆమెకు కొత్తేమీ కాదు. గడ్డిలో బ్లేడు తిరిగితే రాయి లేవకుండా ఉంటుందా? లేచిన రాయి ఎటు పోతుందో తీరిగ్గా చూడడం మాత్రం ఇదే మొదటిసారి.

నేల మీద దాని నీడ చూస్తుంది. రాయి నీడ రాయిలా లేదు. చేతిలో క్యారియర్ పట్టుకుని, మెడ ఎడమకు వాల్చి నడిచే మగమనిషి నీడ అది. ఆ వాలు మెడ ఊళ్ళో ఒక్కడిదే, ఆమె మొగుడు మద్దిలేటిది. అతనికి కుడికన్ను ఒక్కటే పనిచేస్తుంది, అందుకే లోకాన్నంతా మెడ వాల్చే చూస్తాడు. రోజూ ఈపాటికి అన్నం తెస్తాడు. రాయి ఎవరి కంటికి పోతోందో సుంకులమ్మకు అర్థమవుతుంది.

చెయ్యి అడ్డం పెడుతుంది. రాయి ఆగి, చేతిని చుట్టి వచ్చి, మళ్ళీ తన దారిన తాను పోతుంది.

పలకలు కడిగిస్తున్న సూపర్‌వైజర్ రవూఫ్ కనబడితే కేక వేసి చెబుతుంది. "సార్, ఈ రాయి మా ఆయన కంటికి పోతాంది."

రవూఫ్ యాభై అడుగుల అవతలే నిలబడి, కళ్ళద్దాలు సవరించుకుని చూస్తాడు. "ఇంకా తగల్లేదు కదమ్మా. తగిలినాంక ప్రమాదం అంటారు. ఇప్పుడైతే ఇది ప్రయాణం."

"మరి ఎట్ల ఆపల్ల సార్?"

"గార్డుకు తగలాల్సిన రాయి గార్డుకే ఆగుతాది. నీ గార్డు యాడ?"

గార్డంటే బ్లేడు మీద, మనిషి వైపు ఉండే డొప్ప. తడిగడ్డి అందులో చిక్కుకుని మాటిమాటికీ మిషన్ ఆపాల్సి వస్తోందని పోయిన వానల్లోనే విప్పేసింది. కోసేవాళ్ళంతా విప్పేశారు, విప్పనివాళ్ళను చూసి నవ్వారు కూడా. ఇప్పుడు దాంతో ఇంట్లో అత్త పొయ్యి బూడిద ఎత్తుతోంది.

ఇల్లు ఈ వరస చివరే. సుంకులమ్మ నడుస్తుంది, వరస పొడుగవుతుంది. పరిగెత్తితే ఇంకా పొడుగవుతుంది. ఒక్కో పలకలో ఒక్కో సుంకులమ్మ ఎదురొచ్చి దాటిపోతోంది, ఎవరి మిషన్‌కూ గార్డు లేదు. అప్పుడు తెలుస్తుంది ఆమెకు, ఇంజను ఇంకా ఆడుతూనే ఉందని. ఇంజను ఆడుతుండగా మనుషుల దగ్గరికి పోవద్దని పని నేర్పిన రోజే చెప్పారు. ఇంటి మనుషులు కూడా మనుషులేనని ఆమెకు తట్టలేదు. స్విచ్ నొక్కుతుంది. ఆపినా బ్లేడు కాసేపు తిరుగుతుంది కదా, అది పూర్తిగా నిలిచేదాకా ఓపిక పడుతుంది. తలెత్తితే ఇంటి గడప ముందే ఉంది.

"అది ఇయ్యి అత్తా. నీ కొడుకు కంటికి రాయి పోతాంది."

"చేతులు కాలినాంక ఆకులు పట్టుకుంటే ఏం లాభమే?" అంటుంది అత్త, బూడిద ఎత్తుతూనే.

"ఇంకా కాలలేదు. కాలబోతాండాయి."

అత్త ఆలోచిస్తుంది. కోడలి మాటలో న్యాయం ఉంది. బూడిద దులిపి గార్డు చేతికిస్తుంది. "బోల్టులు గట్టిగా బిగించుకో," అని ఒక సలహా కూడా పారేస్తుంది.

సుంకులమ్మ తిరిగొచ్చేసరికి మద్దిలేటి వరస మధ్యలో నిలబడి ఉన్నాడు. రాయి అతని మంచి కంటికి జానెడు దూరంలో ఉంది. అతను మెడ వాల్చి దాన్ని ముచ్చటగా చూస్తున్నాడు.

"ఏం మే సుంకూ, ఇది మన చేని రాయే," అంటాడు. "మా నాయన ఏరంగా మిగిలిండేది."

పలకలు రాకముందు ఆ నేల వాళ్ళదే. రాళ్ళు ఏరి గట్టున పోసీ పోసీ మామ నడుము వంగిపోయింది గానీ రాళ్ళు తరగలేదు.

"పక్కకు జరుగు," అంటుంది సుంకులమ్మ.

"జరిగితే అదీ జరుగుతాంది. చూసినా."

ఆమెకు భయం ఒకటైతే, దాని మీద సిగ్గు. పని చకచకా సాగాలని మొగుడి చూపుకే ఎసరు పెట్టుకుంది. పానాతో ఒక బోల్టు బిగిస్తుంది, రెండోదీ బిగిస్తుంది. రాయి వెంట్రుకవాసి చొప్పున జరుగుతోంది. ఆగిన మిషన్‌ను ఎత్తి, గార్డును అతని కంటికి అడ్డం పెడుతుంది.

టక్‌మంటుంది. రాయి ఆమె చెప్పుల దగ్గర పడుతుంది.

మద్దిలేటి కన్ను ఆర్పి, తెరిచి, "అన్నం తిందువు రా," అంటాడు. క్యారియర్ దించబోయి ఆగుతాడు. పెట్టడానికి చోటు లేదు, నేలంతా నీడలే.

ఇద్దరూ పైకి చూస్తారు. పోయిన వానల నుంచి ఆమె మిషన్ కింద లేచిన రాళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ కింద పడలేదు, నిదానంగా వస్తున్నాయి. కింద వాటి నీడలు పెళ్ళి భోజనాలప్పటిలా పంక్తి తీరి కూర్చున్నాయి. రవూఫ్ కళ్ళద్దాలను, అత్త కొప్పును, మేకలు తోలుకొచ్చే ఓబులమ్మ కర్రను సుంకులమ్మ గుర్తుపడుతుంది. ఎవరో తెలియనివాళ్ళే ఎక్కువ.

"ఇంతమందా?" అంటాడు మద్దిలేటి.

సుంకులమ్మ మిషన్‌ను దించదు. పంక్తి చివర ఒకరికి చోటు మిగిలి ఉంది. అది ఎవరిదా అని మెడ చాచి చూస్తుంది. ఆమె పాదాల దగ్గర నుంచి ఆమె నీడ లేచి, కొంగు సర్దుకుని, పోయి ఆ చోట కూర్చుని, తక్కినవాళ్ళలాగే తలెత్తి తన రాయి కోసం ఎదురుచూస్తుంది.