ఇట్లు, మేఘన

పేర్లు సరిచూడటం అయ్యేసరికి ఆవులప్ప కళ్ళు ఎప్పటిలాగే మంటెత్తాయి. అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కంప్యూటరు తెరమీద వరసలు వరసలుగా పేర్లు. కొందరికి ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒట్టి పొడి అక్షరం. చూసుకోకుండా పంపితే యంత్రానికేం, పెద్దమనిషిని పట్టుకుని "ప్రియమైన కె" అని పిలిచేస్తుంది. అందుకే ఒక్కొక్క పేరూ సరిచేసి, ఉత్తరంలో పేరు పడవలసిన ఖాళీకి తగిలిస్తాడు. ఆ తర్వాత మీట నొక్కితే ఒకే ఉత్తరం వేలమందికి, ఎవరికి వారికి తమకోసమే రాసినట్టుగా వెళ్ళిపోతుంది.

రెండువేల అయిదో సంవత్సరం అది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఇంటి మేడమీద ఆ ఆఫీసు. సర్జాపుర రోడ్డులో ఫ్లాట్లు కడుతున్న ఒక బిల్డరు తరఫున ఈమెయిళ్ళు పంపడం పని. "ఎలా ఉన్నారు? ఆరోగ్యం బాగుందా? విశ్రాంతిగా గడపడానికి మీకొక ఇల్లు చూశాను" అని ఇంగ్లీషులో ఉంటుంది. అడుగున, ఇట్లు, మేఘన. ఆ పేరుగల మనిషి ఆఫీసులో లేదు. ఆడపిల్ల పేరుంటే జనం తెరిచి చదువుతారని యజమాని రాఘవేంద్ర పుట్టించిన పేరది. కాబట్టి అసలు మేఘన ఎవరంటే, అరవైకి దగ్గరపడ్డ, బట్టతల, నడుంనొప్పి ఆవులప్పే.

అతనికిది కొత్తేమీ కాదు. సగం జీవితం అవెన్యూ రోడ్డులో టైపు మిషను ముందు కూర్చుని ఊరందరి ఉత్తరాలూ కొట్టాడు. సెలవు చీటీలు, అర్జీలు, పెళ్ళాం అలిగి పుట్టింటికి పోయినవాళ్ళ క్షమాపణలు. తన పేరున మాత్రం ఒక్క ఉత్తరం రాసుకోలేదు, రాయడానికి ఎవరున్నారు గనక? టైపు మిషన్లు మూలబడ్డాక ఈ కుర్చీలోకి వచ్చిపడ్డాడు. భార్య మునిలక్ష్మి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కాజాలు కుట్టి, కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వస్తుంది. ఇద్దరూ అన్నం తిని పడుకుంటారు. చెడ్డ సంసారమేం కాదు. మాటలు తక్కువ, అంతే.

జవాబులు వస్తే చదవకుండా తీసెయ్యమని రాఘవేంద్ర ఆజ్ఞ. ఆవులప్ప అలాగే చేసేవాడు, మొన్న వానాకాలంలో భుజంగరావు అనే ఆయన జవాబు కంటపడేదాకా. "అమ్మా మేఘనా, ఇల్లు నాకుంది తల్లీ. నా భార్య ఛాయాదేవి పోయాక, ఎలా ఉన్నావని అడిగింది నువ్వే. మోకాళ్ళు తప్ప బాగున్నాను. నువ్వెలా ఉన్నావు?"

పేరుపెట్టి క్షేమం అడిగిన ఉత్తరానికి జవాబు రాయకపోతే తప్పనుకునే కాలం మనిషి ఆవులప్ప. ఆ చివరి ప్రశ్నను తీసిపారేయడానికి అతనికి చేతులు రాలేదు. బాగున్నానని రెండు ముక్కలు రాశాడు. అలా మొదలై, వారానికొకటి, ఆపైన రోజుకొకటి. రాస్తూ రాస్తూ ఒకసారి, తనకు పితికిపప్పు కూరంటే ప్రాణమనీ, అమ్మ పోయాక మళ్ళీ తినలేదనీ రాశాడు. మేఘన రాసిన వాటన్నింటిలో నిజమైన మాట అదొక్కటే.

ఇవాళ పొద్దున్నే వచ్చిన జవాబు చదివినప్పటినుంచి అతనికి మనసు మనసులో లేదు. "మీ ఆఫీసు అడ్రసు ఉత్తరం కింద ఉంది కదా. ఈరోజు వస్తున్నా. ఒక్కసారి నిన్ను చూసి పోతాను."

ఏం చెప్పాలి? నిజం చెబితే ముసలాయన తట్టుకోలేడు. రాఘవేంద్ర చెవిన పడితే ఉద్యోగం ఉండదు.

"ఆవులప్పగారూ, ఆఫ్టర్నూన్ బ్యాచ్ రెడీనా? క్లయింట్ వెయిట్ చేస్తున్నాడు!" లోపలి గదిలోంచి రాఘవేంద్ర కేకేశాడు.

"అయితా ఉండాది సార్."

అప్పుడే మెట్లమీద అడుగుల చప్పుడు వినపడింది, మధ్యమధ్య ఆగుతూ. ఆవులప్ప గబగబా తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా, మంకీ క్యాప్, చేతిలో గుడ్డసంచి. ఆయాసం తీరేదాకా ఆయన రెయిలింగు వదల్లేదు.

"ఏమప్పా, నా పేరు భుజంగరావు. మేఘన అని ఒక పాప ఈడ్నేనా పనిచేసేది?"

"ఈడ్నే సార్."

"ఉండాదా?" ఆయన అతని భుజం మీదుగా లోపలికి తొంగిచూశాడు.

ఆ మేఘనను నేనే అన్న మాట ఆవులప్ప నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముఖంలో ఆశ చూసి మింగేశాడు.

"నిన్ననే పని ఇడిసిపెట్టేసింది సార్. పెండ్లి కుదిరింది. మైసూరికి పాయె."

"నాతో ఒక మాటన్నా చెప్పలేదే."

"బిరీన కుదిరింది సార్. మీ గురించి మాత్రం చెప్తా ఉండె."

"చెప్తా ఉండెనా?" ఆయన ముఖం కాస్త విప్పారింది. "పోనీలేప్పా. యాడున్నా సల్లంగా ఉండనీ." సంచిలోంచి స్టీలు డబ్బా తీసి అతని చేతిలో పెట్టాడు. "పితికిపప్పు కూర. అనపగింజలు నానేసి నేనే పితికినా. చేతి ఏళ్ళు సూడు, ఎట్ల ముడతలు పడినాయో. నువ్వు తినేయప్పా, మళ్ళా మోసుకపోలేను." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "ఇంగొక మాట. మీ లిస్టులో నా పేరు తీసేయి. వేరేవాళ్ళు రాస్తే నాకు బాగుండదు."

ఆవులప్ప తలూపాడు.

కుర్చీలో కూలబడి, భుజంగరావు వరస వెతికి తీసేశాడు. ఆయన ఉత్తరాలను రాఘవేంద్ర కంటపడకుండా ఎప్పటికప్పుడు చెరిపేస్తూనే వచ్చాడు. రేపటినుంచి ఎలా ఉన్నావని తననెవరూ అడగరు. బాధగా ఉంది, చెప్పలేనంత బాధగా ఉంది. అయినా మీట నొక్కాడు. ఉత్తరాలు బయల్దేరాయి, అందరినీ పేరుపేరునా క్షేమం అడుగుతూ.

తర్వాత డబ్బా మూత తీసి, కొంచెం కూర నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు ఎక్కువైంది. ఒక్క గింజ మిగలకుండా తిని, కుళాయి కింద డబ్బా కడిగాడు. ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, బెల్లమో బియ్యమో వేసివ్వాలి అనుకుంటుండగా తట్టింది, ఎక్కడికని ఇవ్వడం? ఇన్ని ఉత్తరాలు రాసిన మేఘన, మీ ఇల్లెక్కడని ఒక్కసారీ అడగలేదు.

కీబోర్డు పక్కన డబ్బా తడి ఆరుతోంది. మూత మీద, పాత్రల అంగట్లో చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు: ఛాయాదేవి.