అంగుళానికి అరవై నాలుగు

మా నాయన హనుమన్న పరీక్ష పెట్టకుండా దేన్నీ నమ్మడు, ఎవరినీ నమ్మడు. నా పెళ్ళిచూపులకు వీరేంద్ర కోసిగి వచ్చినప్పుడు, కాఫీ కంటే ముందు చిక్కుపడిన నూలు చిలప ఒకటి అతని చేతిలో పెట్టాడు. వీరేంద్ర కల్లూరులో గేట్లు, కిటికీలు చేసే షెడ్డులో వెల్డరు. నూలును చొక్కా రూపంలో తప్ప ఎప్పుడూ చూసినవాడు కాదు. అయినా నోరు మెదపకుండా కూర్చుని రెండు గంటల్లో చిక్కు తీశాడు. ఒక్క పోగు తెగలేదు. అప్పటికి కాఫీ చల్లారిపోయింది గానీ, పెళ్ళి మాత్రం ఖాయమైంది.

అటువంటి మనిషికి ఫోన్ చేసి కెమెరా కొంటున్నానని చెప్పడం నా బుద్ధి తక్కువ.

"ఆగు. నేనొచ్చి చూస్తా" అన్నాడు.

"కెమెరా గురించి నీకేం తెలుసు నాయనా?"

"అల్లుని గురించి మాత్రం ఏం తెలిసి ఉండె?" అని ఫోన్ పెట్టేశాడు.

కెమెరా ఎందుకంటే, చీరలకు. నాయన కోసిగిలో నూలు చీరలు నేస్తాడు. నేను వాటిని కల్లూరులో మా ఇంటి మేడ మీద పరిచి, ఫోన్‌తో ఫోటోలు తీసి, వాట్సాప్‌లో పెట్టి అమ్ముతాను. నా ఫోన్‌కు ఒక గుణం ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పదు. చూసేవాళ్ళ మనసు నొప్పించకూడదని దానికి ఎవరు నేర్పారో తెలియదు. ఇటుక రంగు చీరను గులాబీ చేస్తుంది, బూడిద రంగును నీలం చేస్తుంది. పార్సిల్ విప్పిన వాళ్ళు నన్ను తిట్టుకుంటారు. రెండు నెలల్లో మూడు చీరలు వెనక్కి వచ్చాయి. రెండు రంగు తేడా అని. మూడోది మాత్రం హైదరాబాదు ఆవిడ "గుడ్డలో గీత ఉంది" అని పంపింది. ఆవిడ పెళ్ళికి కట్టుకుని, పని అయ్యాక వంక పెట్టిందని నేను తేల్చేశాను. చీర విప్పి చూడనైనా లేదు. నాయనకు మూడూ రంగు గొడవే అని చెప్పాను.

గీత సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికుంది? నేతగాళ్ళ సంఘంలో ఇరవై ఎనిమిదేళ్ళు గుడ్డ చూసే పని ఆయనదే. ఎవరు నేసి తెచ్చినా అంగుళానికి పోగులు లెక్కపెట్టి, ఒక్క పోగు తప్పినా వెనక్కి ఇచ్చేసేవాడు. సొంత తమ్ముడి గుడ్డను కూడా ఇచ్చేశాడు. మా చిన్నాయన ఇప్పటికీ మా ఇంటికి ముఖం పక్కకు తిప్పుకునే వస్తాడు. అంత కఠినంగా ఉండి కూడా నాయన ఊళ్ళో తలెత్తుకుని తిరిగాడంటే ఒకటే కారణం. ఆయన నేసిన గుడ్డలో తప్పు చూపించినవాడు లేడు. ఆ పేరు పోయిన రోజు ఆయన మళ్ళీ మగ్గం గుంతలోకి దిగడు. మగ్గం నేయకపోతే ఆయన ఏం చేస్తాడో నేను ఊహించలేను. ఆయనకు పేకాట కూడా రాదు.

ఆయన వచ్చేలోపు నేను రెండు వారాలు యూట్యూబ్ చూసి చదువుకున్నాను. ఒకడు డీఎస్ఎల్ఆర్ కాలం అయిపోయిందన్నాడు. ఇంకొకడు నేర్చుకునేవాళ్ళకు అదే మేలన్నాడు. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు చాలని ఒకడు, అది పారేసి వేరే కొనమని ఒకడు. అందరూ పక్షులను, పెళ్ళికూతుళ్ళనే తీశారు. చీర తీసిన మగాడు ఒక్కడూ లేడు. వీరేంద్రను అడిగితే, "వెల్డింగుకు మిషన్ కంటే రాడ్డు ముఖ్యం. లెన్సు చూసుకో" అన్నాడు. రెండు వారాల్లో నేను విన్న మంచి మాట అదొక్కటే.

నాయన పొద్దున బస్సుకు దిగాడు. చేతిలో సంచి, సంచిలో ఇటుక రంగు చీర. "నిన్న మగ్గం మీదినుంచి తీసింది" అన్నాడు. చీర పట్టుకుందామని చేయి చాపితే ఇవ్వలేదు. జేబులో ఎప్పటిలాగే పోగులు లెక్కపెట్టే ఇత్తడి భూతద్దం ఉంది. దాన్ని తీసి చూడటం మాత్రం ఈ మధ్య నేను చూడలేదు. అది ఆలోచించవలసిన సంగతని అప్పుడు తట్టలేదు.

షేర్ ఆటో ఎక్కి కర్నూలు ఊళ్ళోకి వెళ్ళాం. కెమెరా షాపు యజమాని యేసుప్రసాద్. నలభై ఏళ్ళుంటాయి. పెళ్ళి ఫోటోలవాళ్ళకు, చర్చి పండగలు తీసేవాళ్ళకు పదమూడేళ్ళుగా కెమెరాలు అమ్ముతున్నాడు.

"పెండ్లిండ్లకా అక్కా, పక్షులకా?" అని అడిగాడు.

"చీరలకు."

"చీర కట్టుకున్నోళ్ళకా?"

"ఉత్త చీరలకు."

కాసేపు నన్ను చూసి, అద్దాల బీరువాలోంచి నల్లటి కెమెరా ఒకటి తీశాడు. "అట్లయితే ఇదే. కొత్తగా నేర్చుకునేటోళ్ళకు దీన్ని మించింది లేదు. ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళు."

"యాడ ఉండాయి? చూపించు" అన్నాడు నాయన.

యేసుప్రసాద్ మంచివాడు కాబట్టి నవ్వలేదు. ఇప్పుడు అందరూ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీద పడ్డారని, కంపెనీలు ఇలాంటివి చేయడం తగ్గించాయని, అందుకే బేరం బాగుందని చెప్పాడు.

"చేసేటోళ్ళే నిలిపేస్తాంటే నువ్వెందుకు అమ్ముతాండావప్పా?"

"మగ్గాలు గూడా నిలిపేస్తాండారు గదా పెద్దాయనా. నువ్వెందుకు నేస్తాండావు?"

నాయన మొదటిసారి అతన్ని మనిషిని చూసినట్టు చూశాడు. చీర విప్పి, కొంగుకు జానెడు కింద ఒకచోట వేళ్ళతో తడిమి, సుద్దముక్కతో అంగుళం చతురం గీసి బల్ల మీద పరిచాడు. "ఈ చతురం తీయల్ల. అందులో పేక పోగులు ఎన్ని ఉండాయో కెమెరా చెప్పల్ల."

పేక అంటే అడ్డంగా పోయే పోగు అని నేను యేసుప్రసాద్‌కు చెప్పాను. పదమూడేళ్ళలో ఈ మాట ఎవరూ అడగలేదని అతను నాకు చెప్పాడు. చెప్పి, కిట్ లెన్సు బిగించి, చీరకు జానెడు దూరం దాకా వంగి ఫోటో తీశాడు. దాన్ని కంప్యూటర్‌లో పెట్టి పెద్దది చేశాడు.

నాకు ఒళ్ళు పులకరించింది. ఇటుక రంగు ఇటుక రంగులాగే ఉంది. ఒక్కో పోగు నులక తాడంత లావున కనిపించింది. ఇక నాకు ఏ లెన్సూ చూపించనక్కర్లేదు అనుకుని, పెన్ను మొనతో ఒక్కొక్క పోగే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అరవై నాలుగు రావాలి. నాయన గుడ్డ ఎప్పుడూ అరవై నాలుగే.

అరవై రెండు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. అరవై రెండే. రెండు చోట్ల పోగు ఉండవలసిన చోట సన్నటి ఖాళీ గీత ఉంది.

హైదరాబాదు ఆవిడ గుర్తుకు వచ్చింది. పాపం, ఆవిడ చీర కట్టుకునే ఉండదు.

"ఎన్ని?" అన్నాడు నాయన. ఆయన స్క్రీన్ దగ్గరికి రాలేదు. కుర్చీలోనే కూర్చున్నాడు.

"అరవై నాలుగు" అన్నాను.

"సరిగ్గా చూసినావా?"

"చూసినా నాయనా. అరవై నాలుగు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇది వద్దు. దీనికి చూపు లేదు. ఇంకోటి పెట్టప్పా."

లెక్క తేలింది కదా, ఇంకేం కావాలని యేసుప్రసాద్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. అతను యాభై ఎంఎం లెన్సు తెచ్చాడు. మనుషుల ముఖాలకు దీని తరువాతే ఏదైనా అన్నాడు. ఫోటో తీసి, పెద్దది చేసి, తనే స్క్రీన్ మీద వేలు పెట్టాడు. "ఇదేందక్కా, ఈడ గీత మాదిరి..."

"దుమ్ము" అన్నాను.

అతనికి రోషం వచ్చింది. గుడ్డ తీసి స్క్రీన్ తుడిచాడు. గీత పోలేదు. లెన్సు తుడిచి మళ్ళీ ఫోటో తీశాడు. గీత పోలేదు. "దుమ్ము కాదక్కా" అనబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. కుర్చీలో ఉన్న నాయనను చూశాడు, చీరను చూశాడు. ఆ తరువాత తుడవడం మానేశాడు.

"ఎన్ని?"

"అరవై నాలుగు."

"ఇదీ వద్దు."

మూడోది దూరం నుంచి తీసే పొడుగు లెన్సు. ఆ ఇరుకు షాపులో అది ముందున్న బల్లను కూడా పట్టదు. యేసుప్రసాద్ వెనక్కి నడుస్తూ గడప దాటి రోడ్డు మీదికి పోయాడు. ఆటోవాడు ఒకడు హారన్ కొట్టాడు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, పెళ్ళికూతురిని తీసినంత శ్రద్ధగా సుద్ద చతురాన్ని ఫోటో తీసుకొచ్చాడు. అందులోనూ అవే రెండు గీతలు. నేను మళ్ళీ అరవై నాలుగు అన్నాను. అబద్ధం మూడోసారికి అలవాటైపోయింది.

నాయన లేచి చీర మడత పెట్టాడు. "పోదాం పా పార్వతీ. ఈ అంగట్లో చూపున్న కెమెరా ఒకటీ లేదు. ఉత్త మోసం."

యేసుప్రసాద్ ముఖం ఎర్రబడింది. "పెద్దాయనా, కొనకపోతే పొండి, నాకేం బాధ లేదు. మోసమని అనొద్దు. నా కెమెరా ఉన్నదే చూపిస్తాది." అంతవరకే అన్నాడు. నిజం అతని నాలుక చివర ఉంది. నా కోసం మింగుతున్నాడు. మా ఊరూ పేరూ తెలియని మనిషి నా అబద్ధం కోసం తన షాపు పరువు పణంగా పెట్టాడు.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. కోపం నాయన మీద. మూడు లెన్సులను అన్యాయంగా తిడుతున్నాడు, కళ్ళు కనపడవని ఒప్పుకోడు, ఊళ్ళో కంటి శిబిరం పెట్టినప్పుడు కూడా మగ్గానికి పడుగు నూలు తోడాలని పోలేదు.

"అరవై రెండు!" అని అరిచాను. "మొదటి లెన్సులోనే కనపడింది. అరవై రెండే ఉండాయి. నీ గుడ్డలో పోగులు తప్పినాయి నాయనా. నీకు బాధయితాదని చెప్పలేదు. హైదరాబాదు నుంచి వచ్చింది గూడా అందుకే వచ్చింది, రంగుకు కాదు!"

నాయన సంచి కింద పెట్టాడు.

"పోగు తీసింది నేనే" అన్నాడు. "రాత్రి సూదితో లాగి పారేసినా. సంఘంలో గుడ్డ చూసే పనికి కొత్తోడు ఎవడొచ్చినా ఇదే పరీక్ష. పోగు పీకిన గుడ్డ ఇస్తాం. కనిపెట్టినోనికి పని. కెమెరాకు గూడా అదే పెడితి. అరవై మూడని చెప్పిన డబ్బా కొందామనుకుంటి."

అరవై మూడు అన్న మాట ఆయన నోటి నుంచి వచ్చాక, ఆయనకే వినిపించినట్టుంది.

"ఎన్నంటివి?"

"అరవై రెండు."

"నేను తీసింది ఒకటే గదా."

"మూడు మార్లు లెక్కపెట్టినా నాయనా."

నాయన చీర విప్పి గుమ్మంలోకి, ఎండలోకి పట్టుకుపోయాడు. ఇత్తడి భూతద్దం తెరిచి చతురం మీద పెట్టి వంగాడు. చాలాసేపు చూశాడు. భూతద్దం కొంచెం జరిపాడు, మళ్ళీ చూశాడు. యేసుప్రసాద్ లోపల ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. చివరికి నాయన, నా వైపు చూడకుండానే, "చూపించు" అన్నాడు.

నేను ఆయన వేలు పట్టుకుని, గోరు కొసను ఆ రెండో గీత మీద పెట్టాను. ఆయన గోరుతో దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెల్లగా తడిమాడు. కంటికి కనపడనిది గోటికి దొరికింది. "ఊఁ" అన్నాడు. ఆయన అవమానపడటం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం.

లోపలికి వచ్చి యేసుప్రసాద్‌తో, "మొదటిదే ఇయ్యప్పా. నీ అంగడిని మాటంటి, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. యేసుప్రసాద్ కెమెరా, కిట్ లెన్సు పెట్టెలో సర్ది, బ్యాగు ఒకటి ఊరికే ఇచ్చాడు. లెన్సు తుడుచుకునే గుడ్డ కూడా ఇచ్చాడు. దుమ్ము మాట మాత్రం ఎత్తలేదు.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. కెమెరా నా ఒళ్ళో ఉంది, చీర ఆయన ఒళ్ళో ఉంది. కంటి డాక్టరు దగ్గరికి పోదామా అన్నాను. "పోదాం" అన్నాడు. ఇంత సులభంగా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఆ మాటకు సంతోషపడాలో భయపడాలో తెలియలేదు.

మళ్ళీ తనే అన్నాడు. "పరీక్షలో కెమెరా నెగ్గింది. నువ్వే తప్పినావు."

"అవును నాయనా."

"సొంత తమ్మునికే నేను అబద్ధం చెప్పలేదు. నువ్వు మూడుసార్లు చెప్తివి."

"ఇంకోసారి చెప్పను."

"చూస్తాం. ఆదివారం ఇంకో చీర తెస్తా. కొంగు నుంచి ఈ కొసదాకా ఫోటోలు తీసి, ఎన్ని పోగులు తప్పినాయో ఉన్నది ఉన్నట్టు చెప్పల్ల."

కోసిగి బస్సు వచ్చి నిలబడింది. ఆయన చీర సంచిలో పెట్టుకుని లేచాడు. మెట్టు ఎక్కడ ఉందో కాలితో ఒకసారి వెతుక్కుని ఎక్కాడు.

"ఈసారి ఎన్ని పీకి తెస్తావు?" అని కిందినుంచి అడిగాను.

కిటికీ పక్కన కూర్చున్నాక చెప్పాడు.

"ఈసారి నేనేమీ పీకను."