రాగి పొర ఎందుకు ఊడుతోంది

చేతినిండా సబ్బు నురుగుతో గిన్నెలు తోముతుంటే ఫోన్ మోగింది. తుడుచుకునేలోగా ఆగిపోయి మళ్ళీ మోగింది. నగల షాపావిడ. "ఇంకో రెండు జతలు తిరిగొచ్చాయమ్మా. ఒకావిడ చెవికి పెట్టుకుంటుంటే రాగి ఉల్లిపొట్టులా ఊడి చేతిలోకొచ్చిందట. వీటితో ఎనిమిది. సోమవారం లోపల కారణం తేల్చి చెప్పు. లేకపోతే షాపులో నీ అర ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు," అంది. ఏమీ అనుకోకు అని చెప్పాక మనిషికి అనుకోవడం తప్ప ఇంకో పని ఉంటుందా?

"ఎవరూ?" అన్నారు మా ఆయన, భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు నుంచి. ఆయన ఆఫీసంతా అక్కడే. చెప్పాను. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా. నీకు ఓపిక తక్కువ. ఏ పనీ నిలకడగా చెయ్యవు," అని మళ్ళీ తెర వైపు తిరిగిపోయారు. ఆయన కంచమే నా చేతిలో ఉంది అప్పుడు. పదకొండేళ్ళలో ఆయన తిన్న కంచం ఒక్కటి కూడా నేను సగం తోమి వదిలిపెట్టలేదు. అది నిలకడ కాదు కాబోలు.

నా పనంతా వంటింటి వెనక, వాషింగ్ మెషీన్ పక్కన మిగిలిన రెండు మూరల చోటులో. రాలిన ఆకులు ఏరుకొస్తాను. ఆరబెట్టి, తడి లోపలికి దిగకుండా వార్నిష్ పూసి, దానిమీద కరెంటు పారే నల్ల రంగు వేసి, రాగి తీగకి కట్టి నీలం రంగు ఆసిడ్ తొట్టెలో వేలాడదీస్తాను. ఎదురుగా ఒక రాగి రేకు. సన్నగా కరెంటు వదిలితే రేకులోని రాగి కొంచెం కొంచెం కరిగి వచ్చి ఆకు మీద పేరుకుంటుంది. రెండు రోజులకి ఆకు ఈనెలతో సహా రాగిదవుతుంది. తొందరపడి కరెంటు పెంచితే అంచులు నల్లగా మాడి గరుకుతేలతాయి. తగ్గిస్తే రాగి సగం దూరం కూడా పాకదు. తొట్టెలో నీళ్ళు కదులుతూ ఉండాలని చేపల తొట్టెలకి వాడే గాలి పంపు పెట్టాను, అది గుడగుడమంటూ ఉంటుంది. తొట్టెకీ పంపుకీ ఒకటే స్విచ్. పగలంతా కళ్ళజోళ్ళ షాపులో ఉంటాను కనుక తొట్టె దాని పని అది చేసుకుంటుంది. ఆ షాపులో నాతోపాటు చేరినతను 'సార్' అయ్యాడు, నేను మాత్రం ఇప్పటికీ 'ఏమ్మా, అద్దాలు కాస్త తుడిచిపెట్టు' దగ్గరే ఉన్నాను. అందుకే నగల షాపులో ఆ మూరెడు అర నాకంత ముఖ్యం. దానిమీద అంటించిన చీటీ మీద ఉన్నది నా పేరొక్కటే, ఫలానావారి భార్య అని కాదు.

నిజానికి మూడు వారాలుగా ఇదే వెతుకులాట. ఊడిన జతని కోసి చూశాను, లోపల ఆకు పొడిగానే ఉంది. అంటే వార్నిష్ తప్పు కాదు. నల్ల రంగు సరిగ్గా పడకపోతే అక్కడక్కడా బోసిగా మిగలాలి, అలా ఎక్కడా లేదు. మెరుపు కోసం కలిపే మందు ఎక్కువైందేమోనని ద్రావణమంతా బొగ్గుపొడితో వడబోశాను. ముక్కు మండి, కళ్ళు నీళ్ళు కారి, చేతి తొడుగులు రెండు జతలు చిరిగాయి. "ఆడలేక మద్దెల ఓడంటే ఇదే," అన్నారు ఆయన, ఫ్రిజ్‌లో నీళ్ళసీసా కోసం నన్ను దాటుకుని వెళ్తూ. "ఆకుల మీద ఉన్న శ్రద్ధ ఇంటి మీద ఉంటే," అని అత్తయ్య వాక్యం మొదలుపెట్టి, నామీద దయతో పూర్తి చెయ్యలేదు. నాకు నిద్రలో కూడా ఊడిన పొరలే. షాపులో ఒకాయన కళ్ళజోడు బిగిస్తూ స్క్రూ రెండుసార్లు కింద పడేశాను.

ఒక సంగతి మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఊడుతున్నది రంగు మీంచి రాగి కాదు, రాగి మీంచి రాగి. మధ్యలో కరెంటు ఆగి మళ్ళీ వస్తేనే అలా జరుగుతుంది. పాత పొర మీద కొత్త పొర కూర్చుంటుంది కానీ పట్టుకోదు. కానీ మా ఇంట్లో కరెంటు పోతే ఓవెన్ మీది గడియారం సున్నాలు కొట్టుకుంటూ ఉంటుంది. నేను వచ్చేసరికి అది రోజూ నిక్షేపంగా సరైన టైమే చూపిస్తోంది. అందుకని ఆ కారణం ఎప్పుడో కొట్టేశాను.

ఆదివారం మధ్యాహ్నం, ఇస్త్రీ మధ్యలో, నోటుపుస్తకం తీశాను. ఏ జత ఏ రోజు తొట్టెలో వేసిందీ, ఏ రోజు తీసిందీ అన్నీ రాసుకుంటాను. ఊడిన ఎనిమిదింటి పక్కనా ఎర్ర పెన్నుతో గీత పెట్టాను. సోమవారం వేసినవి ఊడాయి. మంగళవారంవి, బుధవారంవి ఊడాయి. శుక్రవారం రాత్రి వేసి ఆదివారం రాత్రి తీసినవి ఒక్కటీ ఊడలేదు. మళ్ళీ లెక్కపెట్టాను. ఒక్కటంటే ఒక్కటీ లేదు. అంటే ఈ జబ్బుకి శని, ఆదివారాలు సెలవు. కళ్ళజోళ్ళ షాపు శనివారం తీసే ఉంటుంది. ఆదివారం నాకున్నంత పని ఏ రోజూ ఉండదు. అత్తయ్య మోకాళ్ళ నొప్పికి వారాలతో పనిలేదు. ఈ ఇంట్లో శని, ఆదివారాలు సెలవున్నది ఒక్క మనిషికే. ఇస్త్రీపెట్టె కింద ఆయన చొక్కా మాడు వాసనొచ్చింది, చటుక్కున లేపాను.

"అత్తయ్యా, మధ్యాహ్నంపూట వెనక స్విచ్ ఎవరన్నా ఆపుతున్నారా?"

"ఎవరన్నా ఏమిటే, వాడే. రోజూ రెండింటికి ఆపి నాలుగింటికి మళ్ళీ వేస్తాడు. పాపం, ఒక్కరోజు కూడా మర్చిపోడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మొగుడూపెళ్ళాల మధ్య నేను వేలు పెట్టడమెందుకమ్మా!"

నా కూర గిన్నెలో రోజుకి రెండుసార్లు వేలు పెట్టి ఉప్పు చూసే మనిషి!

ఆయన దాచను కూడా దాచలేదు. "ఆపాను. అయితే ఏంటట? మీటింగులో అందరూ ఒకటే నవ్వు. ఏంటా గుడగుడ, వంట మీరే చేస్తున్నారా అని. నా పరువు పోతోంది అక్కడ. రెండు గంటలు ఆపితే ఏం కొంపలు మునిగాయి? మళ్ళీ వేస్తున్నాగా!"

"ఇన్నాళ్ళూ నేను కిందామీదా పడుతుంటే చూస్తూనే ఉన్నారుగా?"

"నువ్వు అడగలేదుగా."

ఒళ్ళు మండిపోయింది. కావాలని చేసి ఉంటే కొట్లాడేదాన్ని, అదో పద్ధతి. ఆయన కావాలని చెయ్యలేదు. నా తొట్టె ఆగితే ఏమవుతుందో తెలుసుకోవాలని ఆయనకి తోచలేదంతే. ఆపింది ఆయన చెయ్యి, ఓపిక లేనిదాన్ని నేను. నేనూ తక్కువ తినలేదు, ఆ మాట మూడు వారాలు నమ్మాను.

"ఆ తొట్టె మేడమెట్ల కింద పెట్టుకోరాదూ," అంది అత్తయ్య. "బాత్రూంలో పెట్టుకో," అన్నారు ఆయన. సిగ్గుచేటు, నేనూ కొలత టేపు పట్టుకుని బయల్దేరాను. మెట్ల కింద ప్లగ్గు లేదు. బాత్రూంలో తడి. పడకగదిలో ఆసిడ్ పక్కన పడుకోలేం. సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగాను, ఒకచోట నిలవబుద్ధి కాలేదు. చివరికి లోపలి గది తలుపు తీశాను. ఆయన ఆఫీసు పనికోసమని సర్దిన గది అది. బల్ల ఉంది, దీపం ఉంది, గట్టిగా మూసుకునే తలుపు ఉంది. అక్కడ కూర్చుంటే మీటింగులో మొహం నల్లగా కనిపిస్తోందని, భోజనాల బల్ల దగ్గర వెలుతురు బాగుందని, కుర్చీ ఇవతలికి లాక్కొచ్చుకున్నారు. టేపుతో అన్నీ కొలిచాను, ఆ కుర్చీని తప్ప. నా తొట్టెలో ఉన్నది పదిహేను లీటర్ల ఆసిడ్. ఆ కుర్చీకి కింద చక్రాలున్నాయి.

సోమవారం పొద్దున షాపుకి బయల్దేరే ముందు నగల షాపావిడకి ఫోన్ చేశాను. స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన ఆయన, "కరెంటు పోయిందని చెప్పెయ్యి, గొడవ వదిలిపోతుంది," అని గుసగుసలాడారు. అలాంటివి చెప్పడం నాకు కొత్త కాదు. ఆయన మర్చిపోయిన పనులన్నీ నేనే మర్చిపోయానని ఈ పదకొండేళ్ళలో ఎంతమందికి చెప్పానో. నాలిక చివరి దాకా వచ్చింది కూడా.

"కరెంటు పోలేదండీ," అన్నాను. "మా ఆయన రోజూ మధ్యాహ్నం స్విచ్ ఆపేస్తున్నారు. అందుకే పొర పట్టుకోవట్లేదు."

తువ్వాలు ఆయన తలమీదే ఆగిపోయింది. "మరి ఇకముందు ఏం చేద్దామని?" అంది ఫోన్‌లో ఆవిడ.

"ఆయన మీటింగులు ఇవాళ్టి నుంచి లోపలి గదిలోనండీ," అన్నాను, ఆయన మొహంలోకే చూస్తూ. "కుర్చీ ఇందాకే నేను లోపలికి తోసేశాను."