జమ్మితో వచ్చిన కారు

అన్యాయం జరిగింది ఎవరికి, ఎలా? కరీంనగర్ మెకానిక్ రాజేశానికి. తుక్కు కింద కొన్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారుకు ఏళ్ల తరబడి పనిచేసి ప్రాణం పోశాడు. ఆదిలాబాద్ పత్తి జిన్నింగు మిల్లు యజమాని అంబదాస్, కొడుకు పెళ్లి బరాత్‌కని దాన్ని అడిగి తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. పైగా అది తన మిల్లులోనే తయారైందని ఊరూరా చెప్పుకున్నాడు. ఆ మాట వింటూ వింటూనే రాజేశం కాలం చేశాడు. అతని భార్య సరోజన ఇంకా వింటూనే ఉంది.

ఈ దసరా సాయంత్రం ఆమె వాకిట్లో పొడవాటి కొత్త సెడాన్ ఆగింది. అంబదాస్ కొడుకు సంపత్ దిగి, ఆమె అరచేతిలో జమ్మి ఆకులు పెట్టి కాళ్లకు మొక్కాడు. జమ్మి పెట్టినవాణ్ని, పగవాడైనా, కాదనకూడదు. పుచ్చుకుంటే పాత పగ పోయినట్టే. ఆకుల కింద చల్లగా కారు తాళం తగిలింది.

"గిదేంది బిడ్డా?"

"నీకే అవ్వా. గా డొక్కు బండిల ఏమున్నది? ఏసీ లేదు, ఎన్క సీటు లేదు, వానొస్తే తడుసుడే. గిండ్ల కూసొని చూడు జర."

ఆమె కూర్చుంది. తలుపు పడగానే వీధి మూగబోయింది. రాజేశం పక్కన కూర్చున్న రోజుల్లో దారిలోని గులకరాయి సైతం నడుముకు తెలిసేది. పెట్రోలు వాసన చీరను వదిలేది కాదు. ఈ కారు ఏమీ తెలియనివ్వదు. ఇంత మెత్తదనం ఎందుకోసమని ఆమెకు అనుమానం పుట్టింది.

"డొక్కుకు బదులు గింత బండి ఎవలిస్తరు? ఏం కావాల్నో చెప్పు."

సంపత్ నవ్వాడు. "పెద్దగేం లేదవ్వా. పాత కారు కొనేటాయన రేపు మిల్లుకొస్తుండు. ఆయనకెవలో రాజేశం మామ పేరు చెప్పిండ్రట. మిల్లులనే తయారైందని ఒక్క మాట చెప్పు, చాలు."

"జమ్మి తీసుకున్న, ఇగ పగ లేదు. కని బాకీ ఉన్నది. మీ బాపుకు నేను గూడ జమ్మి పెట్టాలె. పొద్దుగాల తీస్కపో."

మర్నాడు ఆదిలాబాద్ మిల్లు ముందు బంతిపూల దండలతో పాత కారు నిలబడి ఉంది. చుట్టూ హమాలీలు, కొనడానికి వచ్చిన పెద్దమనిషి. సరోజన, కుర్చీలో కూర్చున్న ముసలి అంబదాస్ చేతిలో జమ్మి పెట్టింది.

"సేటూ, జమ్మి చేతుల వట్టుకొని చెప్పుండ్రి. గీ కారు చేసిందెవలు?"

హమాలీలు దగ్గరికి జరిగారు. జమ్మిని వాడుకొమ్మని కొడుకును పంపింది అంబదాసే. ఇప్పుడు అందరి ముందూ దాన్ని కింద పారేయలేడు; పట్టుకుని అబద్ధమాడలేడు.

"రాజేశం చేసిండు," అన్నాడు చివరికి. "బరాత్‌కని తెచ్చిన. మళ్ల ఇయ్యలే."

"బాపూ..."

"నువ్వు ఊకో. తెచ్చింది నీ పెండ్లికే. పోయి ఇచ్చి రా."

సరోజన సెడాన్ తాళం అంబదాస్ ఒళ్లో పెట్టి, స్పోర్ట్స్ కారులో కూర్చుంది.

"దారిల ఆగితే ఎట్లవ్వా?" అన్నాడు సంపత్ దిగులుగా.

"నెట్టుదువు తియ్యి."

గోదావరి వంతెన దాటాక కూడా ఆమె స్టీరింగు మీదున్న సంపత్ చేతుల మీంచి చూపు తిప్పలేదు. కరీంనగర్‌లో రాజేశం షెడ్డులో కారు ఆగాక, ఇంజను వేడి చల్లారేదాకా బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. పేరూ, కారూ రెండూ ఇల్లు చేరాయి. రాజేశం బాకీ ఆ రోజుతో పూర్తిగా తీరింది.