గురువారం సంగతి

మనుషుల్ని కాపాడే బాధ్యత దర్జీ అక్క మీద ఎలా పడిందో చెబితే నవ్వుతారు. అది చర్చి వాళ్ళు నడిపే ఫుట్‌బాల్ క్లబ్బు. పిల్లలు ఆడతారు, పెద్దవాళ్ళు ఆడతారు, ఒళ్ళు పెరిగినా మనసు పసిదిగానే ఉండిపోయిన ఒకరిద్దరు కూడా ఆడతారు. వాళ్ళకు ఎవరివల్లా హాని జరగకుండా చూసుకునే మనిషి ఒకరు ఉండి తీరాలని పై ఆఫీసు వాళ్ళు పట్టుబట్టారు. సరే, పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఒకరికి పరీక్షలు, ఒకరికి నడుంనొప్పి, ఇంకొకరికి దేవుని పిలుపు సరిగ్గా అదే వారం వేరే వైపు నుంచి వచ్చింది! ఆ గంట తిరిగి తిరిగి జెర్సీల మీద నంబర్లు కుట్టే అక్క దగ్గర ఆగింది. ఒక పూట శిక్షణకు వెళ్ళొచ్చింది. హాల్లో ఆమె ఫొటో అంటించి, కింద 'ఏ ఇబ్బంది ఉన్నా ఈమెకు చెప్పండి' అని రాశారు. ఏడాదిన్నరలో ఆమె దగ్గరికి వచ్చిన ఇబ్బందులన్నీ ఎలాస్టిక్ వదులైనవే.

శనివారం సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక అందరూ గుండ్రంగా నిలబడి, కళ్ళు మూసుకుని, తలా ఒక మాట ప్రార్థన చేయడం అక్కడి పద్ధతి. ఒకడు మోకాలి నొప్పి తగ్గించమన్నాడు. ఒకడు లెక్కల పరీక్ష గట్టెక్కించమన్నాడు. తర్వాత గోడ వంతు వచ్చింది. గోడ అంటే వాళ్ళ గోల్‌కీపర్. ఇరవై ఆరేళ్ళవాడు, తలుపంత మనిషి. మనసు మాత్రం ఏడెనిమిదేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"ప్రభువా, గురువారం సంగతి ఎవరికీ చెప్పకుండా నాకు బలం ఇచ్చినందుకు వందనాలు," అన్నాడు గొంతెత్తి, సంతోషంగా.

"ఆమేన్," అన్నారందరూ. అక్క కూడా అంది. అన్నాక గానీ ఆ మాట చెవికెక్కలేదు. కళ్ళు తెరిచి చూస్తే, అవతలి వైపు ఇంకో రెండు కళ్ళు అప్పటికే తెరుచుకుని గోడ వైపు చూస్తున్నాయి. అవి కోచ్‌వి. ఆ కోచ్ అక్కకు సొంత తమ్ముడు.

ఆదివారమంతా ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. సూదిలో దారం ఎక్కించి, కుట్టడం మరిచిపోయి, మళ్ళీ ఎక్కించబోయింది. ఏముంటుందిలే, వాడేదో వాగాడు అనుకుంది. కానీ మూడు వారాల కిందట కొత్త జెర్సీకి కొలత తీస్తూ గోడ పక్కటెముకల మీద టేపు వేసినప్పుడు వాడు ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. "చక్కిలిగింతలా రా, దున్నపోతులా పెరిగావు!" అని తనే నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళు మండిపోయింది, తన మీద తనకే.

ఉండబట్టలేక క్లబ్బు అధ్యక్షుడు పెద్దాయన దగ్గరికి పోయింది. రిటైరైన హెడ్‌మాస్టరు, మంచివాడే. ఏది ఎదురైనా ప్రార్థనలో పెట్టడం ఆయన అలవాటు. హాలు పైకప్పు కారుతుంటే దాన్ని కూడా నాలుగేళ్ళుగా ప్రార్థనలోనే ఉంచాడు. ఇంకా కారుతూనే ఉంది.

"చూడమ్మా, వాడు చెప్పుకున్నది దేవుడికి. నీకు కాదు, నాకు కాదు. దేవుడితో అన్న మాట మీద మనం చెవి వెయ్యొచ్చా?"

"నేను వెయ్యలేదండీ. అదే వచ్చి పడింది."

"అయితే ప్రార్థనలో పెడదాం. కప్పు పోటీలు పది రోజుల్లో ఉన్నాయి. అవి అయిపోనీ, నింపాదిగా చూద్దాం."

నింపాదిగానట! మధ్యలో గురువారం ఒకటి ఉందని ఆ పెద్దమనిషికి తట్టనే లేదు. అక్కకు మాత్రం అది తప్ప ఇంకేమీ తట్టడం లేదు.

అట్లాగని గబుక్కున పై ఆఫీసుకు ఫోను చెయ్యనూ లేదు. అమ్మ పోయేనాటికి తమ్ముడికి నాలుగేళ్ళు, తనకు పధ్నాలుగు. వాడికి అన్నం కలిపి పెట్టింది తనే, ముక్కు తుడిచింది తనే. పెద్దయ్యాక వాడు తాగి ఎక్కడెక్కడ పడిపోతే అక్కడక్కడ నుంచి ఎత్తుకొచ్చిందీ తనే. ఈ క్లబ్బు వాళ్ళు మెడలో ఈల వేసి, 'ఇదిగో, నీకూ ఒక పని ఉంది' అన్నాక వాడు మనిషయ్యాడు. రెండేళ్ళుగా చుక్క ముట్టలేదు. ఆ ఈల లాగేస్తే మళ్ళీ సీసా దగ్గరికే పోతాడు, ఈసారి తిరిగి రాడు. అటు చూస్తే తమ్ముడు, ఇటు చూస్తే గోడ. కక్కలేదు, మింగలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని ఊరికే అన్నారా!

సోమవారం పొద్దున నీళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళింది. గోడ అక్కడ సీసాలకు లేబుళ్ళు అంటిస్తాడు. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"గురువారం ఏం జరుగుతుందిరా?" అని అడిగి ఊరుకుంది. మాట అందించకూడదని శిక్షణలో చెప్పారు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యక్కా, చెప్తా."

ఒట్టు వేస్తే చిటికెలో చెప్పేస్తాడు. వెయ్యకూడదనీ శిక్షణలోనే చెప్పారు. "వెయ్యలేను నాన్నా. నీకు దెబ్బ తగిలే సంగతైతే చెప్పాల్సినవాళ్ళకు చెప్పాలి నేను."

"అయితే పో."

పోలేదు. లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. వాడు మూతి ముడుచుకుని లేబుళ్ళు అంటిస్తూనే ఉన్నాడు, అన్నీ వంకరగానే. చాలాసేపటికి ఆపుకోలేక తనే అన్నాడు.

"అక్కా, నేను ఒక్కసారి కూడా ఏడవలేదు, తెలుసా?"

అని చొక్కా ఎత్తి చూపించాడు. పక్కటెముకల మీద, పొట్ట మీద గుండ్రటి మచ్చలు. కొన్ని నల్లగా కమిలాయి, కొన్ని పాతబడి పచ్చగా మారాయి. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కోచన్న నాకు బలం పెంచుతున్నాడు. సామాన్ల గదిలో గోడకానుకుని నిలబడాలి, చేతులు వెనక్కి పెట్టుకోవాలి. అన్న బంతితో కొడతాడు. ఇరవై బంతులు. ప్రభువు కూడా దెబ్బలు తిని నోరెత్తలేదంట. నాకూ ఆ వరం ఉందంట. ఎవరికన్నా చెప్తే వరం పోతుందంట." అంతలో వాడి మొహం మారిపోయింది. "ఇప్పుడు పోయిందా అక్కా?"

"పోలేదురా. నువ్వు మంచి పని చేశావు," అంది. కంచే చేను మేసింది. ఆ కంచెను నాటింది తన చేతులే.

షాపుకొచ్చి, కత్తిరింపు బల్ల మీద శిక్షణలో ఇచ్చిన ఫారం పరిచి, వాడి మాటలు వాడన్నట్టే రాసింది. విన్న రోజు దాటకుండా పై ఆఫీసుకు చెప్పాలి. పేరు రాయాల్సిన చోట కలం ఆగింది. రెండింటికి షట్టరు సగం దించుకుని తమ్ముడు లోపలికి వచ్చాడు. ఫ్యాక్టరీలో ఆమెను చూసినవాళ్ళెవరో చెప్పి ఉంటారు.

ఏదో దబాయిస్తాడనుకుంది. వాడు వచ్చీ రావడంతోనే మిషను పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"తప్పైపోయిందక్కా. మందు మానేశాను గానీ కోపం మానలేకపోయాను. ఒళ్ళంతా కుతకుతలాడిపోతుంది. ఒక్క గురువారం అది దించుకుంటే వారమంతా మనిషిలా ఉంటాను. ఇంక చెయ్యను. నీ మీదొట్టు. రా, ఇద్దరం ప్రార్థన చేద్దాం."

వాడు నటించడం లేదు. చిన్నప్పుడు ఎలా ఏడ్చేవాడో అలాగే ఏడ్చాడు, ముక్కు కారుతూ. అక్క కూడా పక్కనే మోకాళ్ళూనింది. వాడి తల మీద చెయ్యి వేసింది. క్షమించింది కూడా, నిజంగానే. లేచేసరికి ఆ ఫారం ఆమె చేతిలో ఉంది. ఇంక చెయ్యనంటున్నాడు కదా, చింపేస్తే మాత్రం ఏమవుతుంది అనిపించింది. రెండు చేతులతో అంచులు పట్టుకుంది. అప్పుడే ఊరికే, మనసులో గుచ్చుకుంటున్నదాన్ని బయటికి లాగేద్దామని అడిగింది.

"పదిహేడు మంది ఆడతారు కదరా, వాణ్ణే ఎందుకు?"

తమ్ముడు చొక్కా చేతితో మొహం తుడుచుకుంటూ, ఆలోచించకుండానే అన్నాడు. "మిగతావాళ్ళు ఇంటికెళ్ళి చెప్పేస్తారు కదక్కా."

అక్క చేతులు ఆగిపోయాయి. కోపం వచ్చినవాడు ఎదురుగా ఎవడుంటే వాణ్ణి కొడతాడు. వీడు వెతికి, ఏరి, నోరు లేనివాణ్ణి పట్టుకున్నాడు. ఆ నోటికి దేవుడి పేరుతో తాళం కూడా వేశాడు. ఆమె ఫారాన్ని బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేసి, ఫోను తీసింది.

"అక్కా, నేను నీ తమ్ముణ్ణి!"

"అవునురా. కూర్చో. ఎక్కడికీ పోకు."

వాడు లాక్కుంటాడేమో అనుకుంది. లాక్కోలేదు. ఉన్నచోటే నేల మీద చతికిలబడి తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు. పై ఆఫీసులో ఒకావిడ ఫోనెత్తింది. అక్క చెప్పింది. సంగతి ఫలానా, చేసింది క్లబ్బు కోచ్.

"ఆయన మీకు ఏమవుతారు?"

"తోడబుట్టినవాడండీ."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. "మెల్లగా చెప్పండమ్మా, రాసుకుంటున్నాను."

"ప్రతి గురువారం. సామాన్ల గదిలో. చేతులు వెనక్కి పెట్టించి, పొట్ట మీద, పక్కల మీద. ఇరవై బంతులు."

"నలభై," అన్నాడు తమ్ముడు, తల ఎత్తకుండానే.

అక్క ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది. "ఏంటి?"

"నలభై అక్కా. వాడికి ఇరవై దాకే లెక్కొచ్చు. అదయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు."

అక్క ఫోను మీంచి చెయ్యి తీసింది. అవతల ఆవిడ, "ఎన్నన్నారమ్మా? సరిగ్గా వినపడలేదు," అని అడిగింది.

"నలభై అండీ," అంది అక్క. "ఇరవై అని రాసి ఉంటే కొట్టెయ్యండి. నలభై."